ప్లాంటోళ్ళింటి పిలుపు

పిలుపుల వరాలమ్మ అని మా గుల్లమెరకలో ఒకావిడ ఉండేదండి. ఉండేదంటే పోయిందని కాదు, ఇప్పుడూ ఉంది, నిన్న కూడా నాతో తగువాడింది. కథ కదా అని అలా అన్నాను. ఆవిడ పనేంటంటే పిలవడం. పెళ్ళనుకోండి, సీమంతం అనుకోండి, కొత్తింట్లో పాలు పొంగించడం అనుకోండి, ఆ ఇంటోళ్ళు వచ్చి ముందు వరాలమ్మకి చెబుతారు. ఆవిడ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, వెండి కుంకం బరిణి చేత్తో పట్టుకుని బయల్దేరుద్ది. ఆ ఇంటి ఆడమనిషి ఒకతి పక్కన ఉండాలి. గుమ్మంలో నిలబడి ఇంటావిడకి బొట్టెట్టి, ఫలానా వాళ్ళింట్లో ఫలానా, ఇంటిల్లిపాదీ రావాలి అంటుంది. ఇంట్లో ఎవరూ లేరనుకోండి, తలుపుకి బొట్టెట్టి ఎళ్ళిపోద్ది. పొలం నుంచి వచ్చినోళ్ళు తలుపు మీద ఎర్రచుక్క చూసుకుని, ఓహో పిలుపొచ్చింది, ఎవరింట్లోనో అని పక్కింటోళ్ళని అడుగుతారు. అలా పిలిస్తేనే ఎళ్ళడం. పిలవలేదా, సొంత అన్నగారింట్లో పెళ్ళైనా సరే, గోడవతల బాజాలు మోగుతున్నా సరే, కాళ్ళు కదలవు. మీ ఊళ్ళో ఎలాగో నాకు తెలీదు మాస్టారూ, మా ఊళ్ళో మాత్రం అంతే. మా నాన్న సంగతే చూడండి, పక్కింటోళ్ళ పెళ్ళికి మా గుమ్మం మర్చిపోయేరని, గారెల వాసన ఇంట్లోకి వస్తుంటే తలుపేసుకుని చారన్నం తిని పడుకున్నాడంట. వాళ్ళొచ్చి కాళ్ళా వేళ్ళా పడినా లేవలేదంట. అదీ మా ఊరు.

వరాలమ్మ గొప్పేంటంటే, ఒక్క గడప తప్పిపోనివ్వదు. “నా చేతిలో గడప తప్పిందని ఒక్కరి చేత చెప్పించండి, ఈ బరిణి కాలవలో పారేస్తాను” అనేది. ఈ మాట గుర్తెట్టుకోండి, మళ్ళీ పనుంది. ఆ బరిణి కూడా ఆవిడ సొంతం కాదు. ఎవరిదో తర్వాత చెబుతాను, ఇప్పుడే చెప్పేస్తే కథ అయిపోద్ది.

ఇలా ఉండగా ఏమైందంటే, మా ఊరికి తూర్పున చవిటినేల ఉంది చూడండి, సరుగుడు తప్ప ఏదీ బతకదు, అక్కడికి కంపెనీ వాళ్ళు వచ్చేరు. భూమి లోతున గ్యాసుందంట, దాన్ని గొట్టాల్లో తెచ్చి మండించి, ఆ మంటతో పెద్ద చక్రం తిప్పి కరెంటు తీస్తారంట. మా ముసలోళ్ళకి తెలిసేలా చెప్పాలంటే ఓ పేద్ద పొయ్యి కడుతున్నారు. సగం ఊరు ఆ పనికే ఎళ్ళింది. మగాళ్ళు ఇనప చువ్వలు వంచేరు, ఆడాళ్ళు ఇసక మోసేరు. పునాదికి స్తంభాలు దిగ్గొడుతుంటే మా ఇళ్ళల్లో గిన్నెలు వాటంతటవే మాట్లాడుకునేవి. పొగగొట్టం లేస్తుంటే రోజూ సాయంత్రం అరుగు మీద కూచుని, ఇవాళ కొబ్బరిచెట్టుని దాటేసింది, ఇవాళ సెల్లు టవరుని దాటేసింది అని సొంత బిడ్డ ఎదిగినట్టు చెప్పుకునేవోళ్ళం. ఓ పొడుగాటి కర్రకి ఎర్రా తెలుపూ చారల గుడ్డసంచి కట్టేరు, గాలెటు వీస్తే అటు ఎగురుద్ది. మా ఇంటిది బుల్లెమ్మ అది చూసి, ఎవడో ఇంజినీరు ప్యాంటు ఆరేసి ఒక కాలు ఇంటికి పట్టుకెళ్ళేడంది. అందరూ దాన్ని ప్లాంటు అనేవోరు కాదు, ప్లాంటోళ్ళిల్లు అనేవోరు. ఎవరి చెమటతో లేచిందో ఆళ్ళకి అది ఇల్లే కదండీ మరి.

ఆ ప్లాంటులో ప్రసూన అని ఓ ఇంజినీరమ్మాయి ఉండేది. రాయలసీమ వైపు పిల్ల. మా ఇంట్లోనే వెనక గది అద్దెకి తీసుకుంది. ఊళ్ళో జనానికి జాగ్రత్తలు చెప్పడం ఆ పిల్ల పని. ఇల్లంతా కట్టడం అయ్యేక, ఇంక గ్యాసు వదిలి మొదటి మంట ఎలిగించాలి అనేటప్పటికి, గవర్నమెంటు ఆఫీసరు ఒకాయన వచ్చి ఓ మెలిక పెట్టేడు. ఏవనంటే, రేపు నిజంగా గ్యాసు లీకైతే ఈ ఊరి జనం ఏం చేస్తారు, సైరను మోగగానే అందరూ ఇళ్ళు వదిలి హైస్కూలు గ్రౌండుకి రావాలి, అది నా కళ్ళతో చూస్తేగానీ గ్యాసు లోపలికి రానివ్వను అన్నాడంట. న్యాయమే కదండీ. సరే, కంపెనీ వాళ్ళు ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పేరు. ఫోన్లకి మెసేజీలు పంపేరు. రంగు కాయితాలు పంచేరు, వాటిలో మా బుల్లెమ్మ పకోడీలు పెట్టింది. ఆ రోజు రానే వచ్చింది. సైరను మోగింది. అబ్బో, ఏం కూతండి అది, కాలవలో బాతులు గట్టెక్కేసేయి. ఆఫీసరు గ్రౌండులో గొడుగేసుకుని నిలబడ్డాడు. ఎవరొచ్చేరనుకున్నారు? ఓ కుక్కొచ్చింది. గ్రౌండులో గొర్రెలు మేపుకునే ఏసుబాబు ముందు నుంచీ అక్కడే ఉన్నాడు, వాణ్ణి లెక్కలోకి తీసుకోలేదు. ఊరు ఊరంతా ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి, బలే మోగుతోందే అనుకుంటూ వింటున్నారంట.

ఆఫీసరు ఎళ్ళిపోయేడు. ఇంకొక్కసారి చూస్తాను, అదీ కాకపోతే వర్షాలెళ్ళేకే అన్నాడంట. మేనేజరుకి కోపం వచ్చింది. ఊరంతా కూడబలుక్కుని ఎదురు తిరిగేరనుకున్నాడు పాపం. ప్రసూన అన్నం తినకుండా మా పెరట్లో నూతి చపటా మీద కూచుంది. బుల్లెమ్మ ఎళ్ళి ఏంటమ్మాయ్ అనడిగితే, మీకు మా మీద అంత కోపమా అక్కా, మీరు కూడా రాలేదు అందంట. ఎక్కడికి రాలేదమ్మా అంది ఇది. గ్రౌండుకి. ఎవరు పిలిచేరమ్మా అంది బుల్లెమ్మ. మైకులో చెప్పినాము కదక్కా అంది ఆ పిల్ల. మైకులో చేపలొచ్చేయని కూడా చెబుతారు, అది పిలుపెలా అవుద్ది, గుమ్మంలోకొచ్చి బొట్టెట్టి పిలవాలి గానీ అని బుల్లెమ్మ ఎంతో శాంతంగా చెప్పింది. ఆ పిల్ల మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఆలోచించింది. లేచి కాళ్ళు కడుక్కుని, ఆ పిలిచే ఆమె ఇల్లు యాడ అనడిగింది.

వరాలమ్మకి ఆ రోజుల్లో పెద్ద పన్లేదు లెండి. కార్డులు, ఫోన్లు వచ్చేక పిలుపులు తగ్గిపోయేయి. తన బరిణి తుప్పు పట్టేలా ఉందని, వెండికి తుప్పు పట్టదని ఎవరు చెప్పినా వినకుండా, బాధపడుతూ ఉండేది. ఈ పిల్ల సంగతంతా చెప్పి, మీరు పిలవాల అత్తా అంటే, లోపల ఎంత సంతోషమో, పైకి మాత్రం కాళ్ళు నొప్పులంది, ఎండలంది. ఆఖరికి ఒప్పుకుని ఓ ప్రశ్న అడిగింది. “పిలుస్తాను సరే, ఆ ఇంటికి ఇల్లాలెవరు? ఇంటి మనిషి పక్కన లేకుండా నేనెలా పిలుస్తాను?” ఆ ప్లాంటులో ఇల్లాలెక్కడుందండీ? మేనేజరుగారి భార్య మద్రాసులో ఉంటుంది. వంటగదిలో ఉన్నది మగాళ్ళు. నేనే అనుకోండి అంది ప్రసూన. పెళ్ళి కాని పిల్లవి కదా అంది వరాలమ్మ. ఇల్లాలు కాకపోతే ఇంటి ఆడపడుచుననుకో అత్తా అందంట. ఇదేదో బాగానే ఉందని వరాలమ్మ ఆ పిల్ల నీలం చొక్కా, ప్యాంటు, నెత్తి మీద పసుప్పచ్చ టోపీ అంతా కిందికీ పైకీ చూసి, టోపీ తీసెయ్యి, చీర కట్టు అంది. మా బుల్లెమ్మ పెళ్ళినాటి చీరే కట్టించేం.

ఇంక చూడండి, పడమటి వీధి నుంచి మొదలెట్టి ఇల్లిల్లూ తిరిగేరు. ప్లాంటోళ్ళింట్లో మొదటి మంట ఎలిగిస్తున్నారు, దానికి ముందు మంగళవారం కూత మోగుద్ది, ఇంటిల్లిపాదీ హైస్కూలు గ్రౌండుకి రావాలి అని వరాలమ్మ బొట్టెట్టడం. ఆ పిల్ల దణ్ణం పెట్టడం. పిలిస్తే ఊరుకుంటారా మనోళ్ళు? ఒకావిడ, గ్యాసు మా నూతుల్లోకి దిగదు కదా అంది. ఇంకొకావిడ, రాత్రుళ్ళు ఆ గొట్టం మీద ఎర్రదీపం ఎందుకు మినుకుమంటుంది, మా మనవడు జడుసుకుంటున్నాడంది. ఇంకెక్కడో గొట్టం పగిలి మనుషులు కాలిపోయేరంట కదా, మా గతేంటి అని ఒక పెద్దాయన సూటిగానే అడిగేడు. ఆ పిల్ల ఒక్క మాట దాచలేదండి. ఔను తాతా, ఒకోసారి అట్ల అవుతాది, అందుకే ఈ కూత, కూత ఇనపడితే పొయ్యి ఆర్పేసి, గాలి ఎటునుంచి వస్తాందో అటు నడవాల, ఆ చారల సంచి అందుకే కట్టినాము అని గుమ్మం గుమ్మానికీ చెప్పింది. మైకులో ఆ ముక్క ఎవరూ వినలేదు. గుమ్మంలో నిలబడి చెబితే విన్నారు. మా బుల్లెమ్మ ఆ సంచి సంగతి తెలిసేక ప్యాంటు అనడం మానేసింది.

అలా తూర్పు చివరికి వచ్చేటప్పటికి, ప్లాంటు కంచెకి ఆనుకుని ఓ తాటాకిల్లు ఉంది. ఊరు మొత్తంలో ప్లాంటుకి అన్నిటికన్నా దగ్గరిల్లు అదే. ప్రసూన అటు తిరగబోతే వరాలమ్మ చెయ్యి పట్టుకుని, ఆ ఇంటికి బొట్టు లేదులే అమ్మా, పద అంది. బొట్టు లేదంటే మనుషులు లేరు కాబోలనుకుంది ఆ పిల్ల. పైఊరి పిల్ల, ఏం తెలుస్తుంది. ఇద్దరూ ఎనక్కి తిరిగేరు.

మంగళవారం వచ్చింది. సైరను మోగింది. ఆహా, ఏం చెప్పమంటారు మాస్టారూ, ఊరంతా కదిలింది. కదిలిందంటే పరుగులు కాదు. పట్టుచీరలు, కనకాంబరాలు, మగాళ్ళు ఇస్త్రీ చొక్కాలు. పిలిచేరు కదా మరి, మాసిన బట్టల్తో ఎళ్తామా? కొందరు కొత్తింటికి ఉత్త చేతుల్తో ఎళ్ళకూడదని అరటిగెలలు పట్టుకొచ్చేరు. దార్లో ఆగి పలకరించుకుంటూ, మీ అమ్మాయి ఎప్పుడొచ్చింది అని అడుగుతూ, పెళ్ళికెళ్ళినట్టు వచ్చేరు. ఆఫీసరు గడియారం చూసుకుంటూ, గ్యాసు లీకైతే ఇలా నడుస్తారా అని తల పట్టుకున్నాడంట. మేనేజరు మాత్రం జనాన్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పిలిచినందుకు పులిహోర అయినా పెట్టకపోతే బాగుండదని ప్రసూన ముందే చెప్పింది కాబట్టి డేగిసాలు కూడా సిద్ధం. వరాలమ్మ గ్రౌండు మధ్యలో బరిణి పట్టుకుని పెళ్ళిపెద్దలా నిలబడి, చూడండి బాబూ, ఒక్క గడప తప్పలేదు అంది.

అప్పుడు ఆఫీసరు ఓ మ్యాపు విప్పి, కంచెకి ఆనుకుని ఓ ఇల్లు కనపడుతోంది, నిజంగా ప్రమాదం వస్తే ముందు పోయేది ఆ ఇల్లే, ఆ ఇంటి వాళ్ళెవరో ఒకసారి ముందుకి రమ్మనండి అన్నాడు. ఎవరూ రాలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ఇంట్లో ఎవురూ లేరు కద సార్ అంది ప్రసూన. ఏసుబాబు అందుకుని అన్నాడు, లేకపోవడమేంటమ్మా, సత్తెమ్మ లేదూ, పొద్దున్నే ఆవిడ గేదెకి నేనే గడ్డేసి వచ్చేను అని.

సత్తెమ్మ ఎవరో ఇప్పుడు చెబుతాను. ఈ వెండి బరిణి ఆవిడది. వరాలమ్మ కన్నా ముందు ఊళ్ళో పిలుపుల మనిషి సత్తెమ్మే. వరాలమ్మ కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆవిడ ఎనకాల తిరిగే పని నేర్చుకుంది. తగువుల్లో ఉన్న ఇళ్ళకి ముందు ఎళ్ళాలని, కుక్కలున్న ఇంటి ముందు దగ్గాలని, లేనోళ్ళ గుమ్మంలో ఇంకాస్త ఎక్కువసేపు నిలబడాలని, ఏమైనా సరే గడప దాటిపోకూడదని, అన్నీ ఆవిడే చెప్పింది. తర్వాత సత్తెమ్మ మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి పోయేడండి. దినాలయ్యేక ఆవిడ ఈ బరిణి తెచ్చి వరాలమ్మ చేతిలో పెట్టి, ఇంక నేను తిరక్కూడదు, నువ్వు తిరుగు అంది. మొగుడు పోయిన ఆడదానికి బొట్టు పెట్టరు కదా, బొట్టు పెట్టకపోతే పిలుపు లేదు, పిలుపు లేకపోతే ఆవిడ రాదు. కాలవగట్టు ఇల్లు అమ్మేసుకుని ఊరి చివర ఈ తాటాకింట్లో పడింది. పిల్లల్లేరు. అందులో వరాలమ్మ చెడ్డతనం ఏమీ లేదండి. ఎవరూ కావాలని చెయ్యలేదు. ఆ ఇల్లు రోజూ కళ్ళ ముందే ఉంది, కళ్ళకి ఆనడం మానేసింది, అంతే.

వరాలమ్మ మొహం పాలిపోయింది. ఆవిడకి బొట్టెట్టకూడదమ్మా, అందుకే, ఆచారం కదా అంటూ ఏదో చెప్పబోయింది. ప్రసూన కోపంగా అనలేదు, మెల్లిగానే అంది. “గ్యాసుకి ఆ సంగతి తెల్దు కదా అత్తా.”

అంతే. ఆ సైరను ఇంకా మోగుతూనే ఉంది. వరాలమ్మ కొంగు బిగించి, అన్న మాట ప్రకారం కాలవలో పారెయ్యాల్సిన బరిణి అలాగే పట్టుకుని, జనమంతా ఎటునుంచి వచ్చేరో అటు ఎళ్ళడం మొదలెట్టింది. కాళ్ళనొప్పులన్న మనిషి! ఆఫీసరు, ఎక్కడికమ్మా, అటు ఎళ్ళకూడదు అంటున్నా వినలేదు. ప్రసూన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎనకాల పరిగెత్తింది. తర్వాత జరిగిందంతా ఆ పిల్ల చెబితేనే మాకు తెలిసింది.

సత్తెమ్మ గుమ్మంలో ముక్కాలిపీట మీద కూచుని ఉందంట. కంచె పక్కనే కదా, సైరను ఆవిడ నెత్తి మీదే మోగుతోంది. చెవుల్లో దూది పెట్టుకుని, గేదె బెదిరిపోకుండా దాని మెడ నిమురుతోందంట. వీళ్ళని చూసి దూది తీసింది. వరాలమ్మ వగర్చుకుంటూ, సైరను వినపడలేదా అక్కా అంది. ఎందుకు వినపడదు, వీధుల్లో మీరందరూ ఎళ్ళడం కూడా చూసేను, బాగా వచ్చేరు జనం, మంచిపిలుపే పిలిచేవు అని మెచ్చుకుందంట ఆవిడ. పనిమంతురాలు కదా, శిష్యురాలి పని చూసి ముచ్చటపడింది.

“అది ఉత్తుత్తి కూత కాబట్టి సరిపోయింది. నిజంగా గ్యాసు వదిలేసినా ఇలాగే కూచునేదానివా?” అంది వరాలమ్మ.

“పిలవందే ఎలా వస్తానే?” అంది సత్తెమ్మ.

ఉక్రోషంగా కాదంట, నిష్ఠూరం కాదంట. నీళ్ళు పల్లానికి పోతాయన్నంత మామూలుగా అందంట. అది విని ప్రసూన అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. వరాలమ్మ ఏడవలేదు. బరిణి మూత తీసింది. సత్తెమ్మ చప్పున మొహం పక్కకి తిప్పేసుకుని, వద్దే, నాకు పెట్టకూడదు, నీకు తెలీదా అంది. నీకు పెట్టడం లేదు లే అని వరాలమ్మ వంగి, ఆ తాటాకింటి గడప మీద, నిండుగా, రూపాయి బిళ్ళంత బొట్టెట్టింది. పెట్టి లేచి, సత్తెమ్మ నేర్పిన గొంతుతోనే, సత్తెమ్మ నేర్పిన మాటలతోనే పిలిచింది.

“సత్తెమ్మక్కా, ప్లాంటోళ్ళింట్లో మొదటి మంట. ఇంటి ఆడపడుచు స్వయంగా వచ్చింది. ఇంటిల్లిపాదీ రావాలి. గడపకి మొగుడు పోలేదు, నువ్వు రాకపోతే ఊరుకోను.”

సత్తెమ్మ వంగి ఆ గడప కేసి చూసిందంట. తర్వాత ఏవంటుందో తెలుసా, చుక్క కొంచెం ఎడమకి పోయింది, చెయ్యి వణికిందా అందంట. లోపలికెళ్ళి పెట్టె తీసి చీర మార్చుకుంటుంటే, అక్కా సైరను, సైరను అని వరాలమ్మ బయట నుంచి గోల. వస్తున్నా వస్తున్నా అని, వచ్చి గేదెని విప్పింది, పెయ్యదూడని విప్పింది, కోడిపెట్టనీ పిల్లల్నీ బుట్టలో పెట్టింది. ఇవన్నీ ఎందుకక్కా అంటే, ఇంటిల్లిపాదీ అన్నావు కదే, మా ఇల్లంటే ఇదే అందంట.

మేమంతా గ్రౌండులో మునికాళ్ళ మీద నిలబడి చూస్తున్నాం. చూస్తుంటే, ముందు గేదె, దాని ఎనకాల దూడ, ఎనకాల నెత్తిన బుట్టతో సత్తెమ్మ, పక్కన బరిణితో వరాలమ్మ, ఆఖర్న చీర చెరుగులు తొక్కుకుంటూ ఇంజినీరమ్మాయి. ఎవరూ ఏమీ అనుకోకుండానే జనం రెండు పాయలుగా తప్పుకుని దారిచ్చేరండి. మా బుల్లెమ్మ ఎళ్ళి బుట్ట అందుకుంది. ఆఫీసరు ఆ గేదెని చూసి, ఇంతసేపూ ముడిచిన మొహం ఇప్పి నవ్వేసేడు. ఇప్పుడు ఊరు ఖాళీ అయిందయ్యా, సైరను ఆపండి అన్నాడు. అది ఆగేక ఎంత నిశ్శబ్దం అనుకున్నారు, బుట్టలో కోడిపిల్లల కిచకిచలు వినపడ్డాయి. పులిహోర మొదటి విస్తరి సత్తెమ్మకే వేసేరు. ఉప్పు తక్కువైందంది. తక్కువైందని మాకూ తెలుసు, ప్లాంటోళ్ళు ఏమనుకుంటారో అని ఊరుకున్నాం.

తర్వాత గ్యాసొచ్చింది, మొదటి మంట ఎలిగింది, చక్రం తిరిగింది. ఆ రోజు కూడా పిలుపు జరిగింది. కానీ ప్రసూనకి ఓ దిగులుండిపోయింది. నిజంగా లీకైన రోజున బొట్టెట్టి పిలవడానికి టైముండదు కదక్కా అని బుల్లెమ్మ దగ్గర మధనపడింది. ఆ మాట సత్తెమ్మ చెవిన పడింది. ఆవిడ వరాలమ్మని వెంటబెట్టుకుని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. వరాలమ్మ గడపలకి బొట్టెట్టడం, సత్తెమ్మ పిలవడం. ఏవని పిలిచిందంటే, ఇది ఒక్కరోజు పిలుపు కాదమ్మా, ఆ కూత ఎప్పుడు మోగితే అప్పుడు నేనొచ్చి మీ గుమ్మంలో పిలిచినట్టే, ఇంటిల్లిపాదీ రావాలి, గొడ్డూ గోదాతో సహా అని. మొగుడున్న ఇల్లు, పోయిన ఇల్లు అని చూడకుండా అన్ని గడపలకీ ఎళ్ళేరు. ఎవరైనా నోరు తెరవబోతే, గ్యాసుకి ఆ సంగతి తెలీదు కదమ్మా అనేది వరాలమ్మ. ఇప్పుడు మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి కూడా అంతే, బొట్టు గడపకే. ఆ సైరన్ని సైరనని ఎవరూ అనరు, సత్తెమ్మ పిలుపంటారు.

నెలకోసారి అది మోగుద్ది, మేం ఎళ్తాం. మొదట్లో పట్టుచీరల్లోనే, తాపీగానే ఎళ్ళేవోళ్ళం, ఆఫీసరు తల పట్టుకునేవోడు. ఈమధ్య మేనేజరు మారేడు. కొత్తాయన వస్తూనే ఖర్చని పులిహోర ఆపించేసేడు. అప్పట్నుంచీ చూడాలి మాస్టారూ, మా ఊరోళ్ళు ఏం పరుగులు, ఏం పరుగులు. గ్రౌండుకి మొహం చూపించి, మళ్ళీ గబగబా ఇంటికొచ్చి వండుకోవాలి కదా.